స్టెయిన్‌లెస్ నట్టు మధ్యలో పట్టేయకుండా బిగించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

కొత్త బోల్టు, కొత్త నట్టు. తుప్పు జాడ కూడా లేదు. చేత్తో నాలుగు మరలు హాయిగా ఎక్కాయి. పానా వేసి తిప్పితే కీచుమంది, కాస్త బరువెక్కింది, ఆ తర్వాత ముందుకూ పోదు, వెనక్కీ రాదు. డాబాల మీద సోలార్ ప్యానెళ్లు బిగించేవాళ్లూ, జీడిమెట్ల, పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ చూసేవాళ్లూ మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇదే: మామూలు ఇనుప బోల్టు ఎంత బిగించినా ఇలా మొండికేయదు, దానికంటే ఖరీదైన స్టెయిన్‌లెస్ ఎందుకు పట్టేస్తుంది?

దీన్ని గాలింగ్ అంటారు. చాలామంది దీన్ని సరుకు లోపం అనుకుని దుకాణదారుతో గొడవపడతారు. నాసిరకం సరుకు వల్ల కూడా జరుగుతుంది గానీ, మంచి బోల్టు కూడా పొడిగా, మురికిగా, వేగంగా బిగిస్తే పట్టేస్తుంది. పానా పట్టుకోకముందే చేయాల్సిన పనులు సరిగ్గా చేస్తే ఈ బెడద దాదాపు ఉండదు. అందుకే ఈ మార్గదర్శిలో బిగించడం కంటే సన్నాహం గురించే ఎక్కువ ఉంటుంది.

1. లోపల జరిగేది ఇదీ

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని మీద ఉండే పలచటి క్రోమియం ఆక్సైడ్ పొర. మందం కొన్ని నానోమీటర్లే. గీరుకుపోయినా గాలి తగిలితే మళ్లీ దానంతట అదే ఏర్పడుతుంది. బిగించేటప్పుడు నట్టు మర, బోల్టు మర ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి పొర చెదిరిపోతుంది. మరల మధ్యకు గాలి అందదు కాబట్టి వెంటనే తిరిగి ఏర్పడదు. అప్పుడు నగ్నంగా మిగిలిన లోహం లోహాన్ని తాకి, ఎత్తుగా ఉన్న సూక్ష్మమైన బొడిపెల దగ్గర అతుక్కుపోతుంది. మంట లేకుండానే పడిన వెల్డింగు అది.

ఇంకా తిప్పితే అతుక్కున్న చోట లోహం చిరిగి లేస్తుంది. 304, 316 అనే అంకెలతో పిలిచే స్టెయిన్‌లెస్ రకాలకు నలిగినకొద్దీ గట్టిపడే గుణం ఉంది. అందువల్ల చిరిగిన ముక్క అసలు మర కంటే గట్టిదై, పక్క మరను గీరుతూ మరింత లోహాన్ని లేపుతుంది. పైగా స్టెయిన్‌లెస్ వేడిని సరిగా పోనివ్వదు. దాని ఉష్ణవాహకత మామూలు ఇనుములో మూడో వంతు మాత్రమే. వేడికి వ్యాకోచించడం మాత్రం ఇనుము కంటే దాదాపు 40 శాతం ఎక్కువ. రాపిడి వేడి మరల దగ్గరే నిలిచిపోయి, ఉన్న కాస్త సందూ మూసుకుపోతుంది.

కాబట్టి గాలింగుకు కావాల్సినవి మూడు: ఒత్తిడి, జారుడు, పొడిదనం. మొదటి రెండూ లేకుండా బోల్టు బిగించలేం. మన చేతిలో పూర్తిగా ఉన్నది మూడోది. వేగం, శుభ్రత దానికి తోడు.

2. పట్టేసిందల్లా గాలింగ్ కాదు

మందు వేసే ముందు జబ్బేమిటో తేల్చుకోండి. చికిత్సలు వేరు.

మొదటి ఒకటి రెండు మరల్లోనే బిగుసుకుని, నట్టు వంకరగా కనిపిస్తే మర తప్పి ఎక్కినట్టు. వెంటనే వెనక్కి తిప్పి తీసేయండి.

ఎన్నాళ్లో నీళ్లలో ఉన్న నట్టు మీద, మరల సందుల్లో తెల్లటి పెళుసు పొర కనిపిస్తే అది సున్నపు చారిక. మన బోరు నీళ్ల గట్టిదనానికి ఇది మామూలే. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి ఒక రాత్రి చుట్టి ఉంచితే చాలావరకు కరుగుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం వాడకండి. అందులోని క్లోరైడ్ స్టెయిన్‌లెస్‌ను చుక్కలు చుక్కలుగా తినేస్తుంది.

గాలింగ్ అయితే తిప్పుతున్నప్పుడే తెలుస్తుంది. బిగింపు పూర్తికాకముందే, అంటే నట్టు ఇంకా వాషరును గట్టిగా తాకకముందే బరువెక్కుతుంది. కీచు శబ్దం వస్తుంది. నట్టు చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. ఎలాగోలా విప్పగలిగితే మరను వెలుతురులో పట్టుకుని చూడండి: నున్నగా ఉండాల్సిన వాలు మీద లోహం తోలు లేచినట్టు కనిపిస్తుంది, గోరు పెట్టి గీస్తే గరగరలాడుతుంది, మర అడుగున వెండి రంగు పొట్టు ఇరుక్కుని ఉంటుంది. ఆ పొట్టు కనిపించిందంటే ఇక సందేహం అక్కర్లేదు.

3. కొనేటప్పుడు చూడాల్సినవి

సికింద్రాబాద్ రాణిగంజ్ వీధుల్లో "ఎస్‌ఎస్ బోల్టు" అని అడిగితే చాలా రకాలు చూపిస్తారు. తుప్పును తక్కువగా తట్టుకునే చవకైన 202 రకం కూడా ఎస్‌ఎస్ పేరుతోనే వస్తుంది. అందుకని అడగాల్సింది గ్రేడు పేరుతో: 304 కావాలంటే తల మీద ఏ2-70, 316 కావాలంటే ఏ4-70 లేదా ఏ4-80 అన్న గుర్తు ఉండాలి. ఇది ఐఎస్‌ఓ 3506 ప్రకారం వేసే గుర్తు. 70 అంటే తన్యతా బలం (తెగే ముందు తట్టుకునే లాగుడు) 700 మెగాపాస్కల్, 80 అంటే 800. తల మీద ఏ గుర్తూ లేని బోల్టు బరువు మోసే చోట వాడకండి.

అయస్కాంతం పెట్టి చూసి తేల్చేయడం అందరికీ అలవాటు. దాన్ని పూర్తిగా నమ్మకూడదు. 304 బోల్టు తల కొట్టేటప్పుడు, మర దించేటప్పుడు లోహం నలిగి కొద్దిగా అయస్కాంతానికి అంటుకుంటుంది. కొద్దిగా లాగితే నకిలీ అనీ, లాగకపోతే 304 అనీ చెప్పలేం. 202 కూడా పెద్దగా లాగదు.

ఇక గాలింగ్ దృష్టితో చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మర నునుపు: రోలింగుతో దించిన మర నున్నగా, మెరుస్తూ ఉంటుంది. లేతుమీద కోసిన మరలో సన్నటి గీతలు కనిపిస్తాయి, ఆ గీతలే అతుకు పడేందుకు చోటిస్తాయి. పొడవాటి థ్రెడ్ రాడ్లు ముక్కలుగా కోసి అమ్మేచోట ఇది ముఖ్యంగా చూడండి.

మర ముతకదనం: ప్రత్యేకంగా అవసరం లేకపోతే సన్న మర వద్దు. ఎం8కి (అంటే 8 మి.మీ. వ్యాసం బోల్టుకు) 1.25, ఎం10కి 1.5, ఎం12కి 1.75, ఎం16కి 2 మి.మీ. పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) అనేవి మామూలు ముతక మరలు. అవే తీసుకోండి.

దెబ్బలు: గోనెల్లో, డబ్బాల్లో విడిగా పోసి కదిలించిన బోల్టుల మరల అంచులు ఒకదాన్నొకటి కొట్టుకుని సొట్టలు పడతాయి. సొట్ట పక్కన లేచిన చిన్న బొడిపె చాలు గాలింగ్ మొదలవడానికి. బ్యాచుకు పది బోల్టులు తీసి, ప్రతిదానికీ నట్టును వేలితో చివరి దాకా నడిపించి చూడండి. ఎక్కడైనా తడబడితే ఆ డబ్బా వద్దనండి.

పొడవు: బిగించాక నట్టు బయట రెండు మూడు మరలు మిగిలితే చాలు. రెండంగుళాలు మిగిలే బోల్టు కొంటే నట్టు అంత దూరం మరల మీద ప్రయాణించాలి. ప్రతి చుట్టూ రాపిడే.

316 బోల్టుకు 304 నట్టు వేస్తే పట్టేయదని ఒక నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. రెండూ ఒకే కుటుంబం, గట్టిదనంలో పెద్ద తేడా లేదు, కాబట్టి ఆ ఉపాయం వల్ల వచ్చే లాభం స్వల్పం. యాంటీ సీజ్ పేస్టు (మరలు పట్టేయకుండా పూసే లూబ్రికెంట్) వేయకుండా దాని మీదే ఆధారపడటం తప్పు. నిజంగా తేడా చూపే జోడీలు వేరు: స్టెయిన్‌లెస్ బోల్టుకు సిలికాన్ బ్రాంజ్ నట్టు, లేదా గాలింగును తట్టుకునేలా తయారైన నైట్రానిక్ 60 రకం నట్టు, లేదా టెఫ్లాన్ పూత, మైనపు పూత వేసిన నట్టు. తరచూ విప్పి బిగించే చోట ఈ ఖర్చు దండగ కాదు.

4. దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

☐ యాంటీ సీజ్ పేస్టు
☐ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా అసిటోన్, పోగులు ఊడని గుడ్డలు
☐ స్టెయిన్‌లెస్ తీగల బ్రష్ లేదా నైలాన్ బ్రష్ (ఇనుప తీగలది వద్దు, దాని రేణువులు అంటుకుని తర్వాత తుప్పు మరకలు తెస్తాయి)
☐ పేస్టు పూయడానికి పొట్టి వెంట్రుకల చిన్న బ్రష్
☐ రింగ్ పానాలు, తల పట్టుకోవడానికి రెండో పానా
☐ టార్క్ రెంచి (తిప్పే బలం, అంటే టార్క్, ఎంతో చూపే పానా)
☐ నైట్రైల్ గ్లవ్స్
☐ అవసరానికి మించి పదింటికి ఒకటి చొప్పున అదనపు నట్లు, బోల్టులు

పేస్టు ఎంపిక దగ్గర కాస్త ఆగాలి. అన్నిచోట్లా ఒకటే పనికిరాదు.

నికెల్ ఆధారిత పేస్టు స్టెయిన్‌లెస్‌కు అన్నిటికంటే నమ్మకమైనది. బాయిలర్ లైన్లు, ఆవిరి ఫ్లాంజీలు (పైపుల చివర్లను బోల్టులతో కలిపే పళ్లేలు) లాంటి వేడి చోట్లకూ సరిపోతుంది. నికెల్ చర్మానికి పడనివాళ్లు ఉంటారు కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి. మాలిబ్డినం డైసల్ఫైడ్ పేస్టు చాలా జారుగా ఉంటుంది, మామూలు ఉష్ణోగ్రతల్లో ఇది కూడా మంచిదే. రాగి పేస్టు ఆటోమొబైల్ దుకాణాల్లో తేలిగ్గా దొరుకుతుంది. ఏదీ లేనిచోట అది వాడొచ్చు గానీ ఎప్పుడూ తడిగా ఉండే, క్లోరైడ్ ఉన్న చోట నికెల్‌కే ఓటు. జింకు ఉన్న పేస్టును 400 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరపడే వేడి చోట్ల స్టెయిన్‌లెస్ మీద అసలు వాడకండి. జింకు కరిగి లోహపు రేణువుల మధ్యకు దిగి బోల్టును పెళుసు చేస్తుంది.

మందులు, పాలు, తాగునీరు తగిలే యంత్రాలకు డబ్బా మీద ఎన్‌ఎస్‌ఎఫ్ హెచ్1 అని రాసి ఉన్న ఆహార శ్రేణి పేస్టే వాడాలి. ఆక్సిజన్ లైనుకు ఏ నూనె, ఏ గ్రీజూ తగలకూడదు. మంట అంటుకుంటుంది. దానికి ఆక్సిజన్‌కు ఆమోదం ఉన్న పీఎఫ్‌పీఈ (పర్‌ఫ్లోరోపాలీఈథర్) రకం లూబ్రికెంట్లు విడిగా ఉంటాయి.

వంటనూనె, ఇంజిన్ ఆయిల్, చైన్‌కు కొట్టే స్ప్రే వీటిలో ఏదైనా చాలదా అని అడుగుతారు. ఏమీ లేకపోవడం కంటే మెరుగే. కానీ మరల ఒత్తిడికి పలచటి నూనె పక్కకు పిండుకుపోతుంది. పేస్టులో ఉండే ఘన రేణువులే అక్కడ నిలబడి లోహాన్ని లోహానికి తగలనివ్వవు. పని చేసేది ఆ రేణువులు, వాటిని మోసుకెళ్లేది గ్రీజు.

5. శుభ్రం చేయడం

కాంక్రీటులో రంధ్రం వేసిన దుమ్ము, గ్రానైటు కోసిన పొడి, వెల్డింగు చిటపటలు, గ్రైండింగు రవ్వలు ఇవన్నీ మరలో చేరితే ఉప్పుకాగితంలా పనిచేస్తాయి. వాటి మీద పేస్టు పూస్తే ఆ పేస్టు రుబ్బుడు ముద్దవుతుంది.

క్రమం ఇది:

☐ బోల్టు, నట్టు రెంటినీ పొడి బ్రష్‌తో దులపండి.
☐ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో మర వెంట తిప్పుతూ తుడవండి. నట్టు లోపలికి గుడ్డను చుట్టి దూర్చి తిప్పండి.
☐ రెండు నిమిషాలు ఆరనివ్వండి.
☐ నట్టును వేలితో చివరి దాకా నడిపించి, తిరిగి తీయండి. ఎక్కడా పట్టకూడదు.
☐ వెల్డింగు దగ్గరుంటే బోల్టుల మరలకు మాస్కింగ్ టేపు చుట్టి ఉంచండి. చిటపట అంటిన మరను ఆకురాయితో సాపు చేయబోకండి, బోల్టు మార్చేయండి.

మర మీద చిన్న సొట్ట ఉండి బోల్టు మార్చే వీల్లేకపోతే, సరైన సైజు డై (మర కోసే పనిముట్టు) వేసి చేత్తో, కోత నూనె వేస్తూ ఒకసారి దించండి. ఆ తర్వాత మళ్లీ మొదట్నుంచి శుభ్రం చేయాలి, ఎందుకంటే కోత రజను మిగిలి ఉంటుంది.

6. పేస్టు పూయడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బోల్టు కొసన ఒక ముద్ద అంటించి నట్టు ఎక్కిస్తారు. ఆ ముద్ద మొదటి మరల దగ్గరే బయటికి తోసుకొస్తుంది, బరువు పడే మరలు పొడిగా మిగులుతాయి.

నట్టు చివరికి ఎక్కడ ఆగుతుందో ముందు గుర్తించండి. అక్కణ్నుంచి కొస దాకా మొత్తం మర మీద బ్రష్‌తో పలచగా పూయండి. మర అడుగు దాకా బ్రష్ వెంట్రుకలు దిగాలి. పూసింతర్వాత మర ఆకారం స్పష్టంగా కనిపించాలి. లోయలు నిండిపోయి గుండ్రటి కడ్డీలా కనిపిస్తే ఎక్కువైనట్టు. ఎం10 బోల్టుకు పెసరగింజ పరిమాణం పేస్టు చాలు, ఎం16కి శనగగింజంత.

తర్వాత నట్టు అడుగు ముఖానికి, అంటే వాషరును తాకే వైపుకు, ఒక పలచటి పూత. దీన్ని చాలామంది వదిలేస్తారు. బిగించే శ్రమలో దాదాపు సగం ఈ ముఖం దగ్గరి రాపిడికే పోతుంది, అక్కడా గాలింగ్ జరుగుతుంది. కింద నున్నటి గట్టి వాషరు వేయండి, నట్టు నేరుగా ప్లేటు మీద తిరగనివ్వకండి.

ముందు రోజు పూసి పెట్టుకోవద్దు. డాబా మీద గాలికి గంటలో దుమ్మంతా పేస్టుకే అంటుకుంటుంది. పూసిన వెంటనే ఎక్కించండి.

అవతలి వైపు మూసుకుపోయిన రంధ్రంలోకి బోల్టు దిగేచోట పేస్టును రంధ్రంలో పోయకండి, బోల్టుకే పూయండి. రంధ్రం అడుగున పేస్టు నిండితే బోల్టు చివరిదాకా దిగదు, బిగిసిందన్న భ్రమ కలుగుతుంది.

7. చేత్తో ఎక్కించడం

రంధ్రాలు ఎదురెదురుగా రాకపోతే బోల్టును అడ్డంగా దూర్చి, నట్టు బిగింపుతో రెండు ఫ్లాంజీలను దగ్గరికి లాగడం సైట్లలో రోజూ చూసేదే. స్టెయిన్‌లెస్ విషయంలో ఇది నేరుగా గాలింగును పిలవడం. నట్టు గట్టిగా బిగుసుకోవాల్సింది చివరి పావు చుట్టులోనే. దానికి ముందు బరువు మీద ఎన్ని చుట్లు తిరిగితే అంత ప్రమాదం. ముందు క్లాంపులతో, కొసతేరిన బార్‌తో రంధ్రాలు కలపండి, సందు మూయండి, ఆ తర్వాతే బోల్టు.

☐ బోల్టు రంధ్రంలో వదులుగా జారిపోవాలి. సుత్తితో కొట్టి దించకూడదు.
☐ నట్టు పెట్టి మొదట సగం చుట్టు వెనక్కి తిప్పండి. మర మొదలు దొరికినప్పుడు చిన్నగా టిక్కుమని దిగుతుంది. అప్పుడు ముందుకు తిప్పండి.
☐ వాషరు తాకేదాకా వేళ్లతోనే నడిపించండి.
☐ వేళ్లకు లొంగకపోతే పానా తీసుకోవద్దు. విప్పి మర చూడండి.

8. బిగించే వేగం, వరుస, టార్క్

ఇంపాక్ట్ గన్ పక్కన పెట్టేయండి. ఈ మాట మీద రాజీ లేదు. గన్ కొట్టే దెబ్బల వేగానికి మర దగ్గర పుట్టే వేడి బయటికి పోయే వ్యవధే ఉండదు. పైగా చేతికి అందాల్సిన కబురు, అంటే నట్టు బరువెక్కుతున్న సంగతి, గన్ మోతలో తెలియదు. వందల బోల్టులున్న సోలార్ పనిలో చేత్తో కుదరదంటే, మామూలు డ్రిల్ డ్రైవరును తక్కువ గేరులో, క్లచ్ బాగా తగ్గించి, నట్టు వాషరును తాకేదాకా మాత్రమే వాడండి. చివరి బిగింపు చేతి రెంచితో.

రెంచిని నిదానంగా, ఆగకుండా, ఒకే ఊపున లాగండి. కుదుపులు వద్దు. కుదిరితే బోల్టు తల పట్టుకుని నట్టును మాత్రమే తిప్పండి.

నాలుగు అంతకంటే ఎక్కువ బోల్టులున్న ఫ్లాంజీకి ఎదురెదురుగా, నక్షత్రం గీసిన వరుసలో వెళ్లండి. మొదటి విడత 30 శాతం, రెండోది 60 లేదా 70 శాతం, మూడోది పూర్తి టార్క్, చివర గడియారం దిశలో ఒక చుట్టు సరిచూసుకోవడం.

ఎంత టార్క్? ఇనుప 8.8 గ్రేడు బోల్టుకు గోడ మీద అంటించిన పట్టిక దీనికి పనికిరాదు. 8.8 రకం సాగిపోవడం మొదలయ్యేది 640 మెగాపాస్కల్ దగ్గర. ఏ2-70 అయితే 450 దగ్గరే. అంతేకాదు, పేస్టు పూసిన మర జారుగా ఉంటుంది కాబట్టి అదే టార్కుకు బోల్టు మరింత సాగుతుంది. పొడి బోల్టు లెక్క పేస్టు పూసిన బోల్టుకు వేస్తే తెంచుకున్నట్టే.

లెక్క సులువు. టార్క్ = కె × బిగింపు బలం × వ్యాసం. కె అంటే రాపిడిని బట్టి మారే అంకె. బిగింపు బలాన్ని బోల్టు మర వైశాల్యం మీద 450 మెగాపాస్కల్‌లో 65 శాతం ఒత్తిడి పడేలా, కె విలువను 0.15గా తీసుకుంటే, ఏ2-70 ముతక మర బోల్టులకు పేస్టుతో వచ్చే విలువలు ఇవి:

ఎం6: 5 న్యూటన్ మీటర్లు
ఎం8: 13
ఎం10: 25
ఎం12: 44
ఎం16: 110
ఎం20: 215

మీ పేస్టు డబ్బా మీద వేరే కె విలువ ఉంటే దాని నిష్పత్తిలో మార్చండి. 0.12 అయితే ఎం12కి 44 బదులు 35 వస్తుంది. గ్యాస్కెట్ తయారీదారు, ప్యానెల్ తయారీదారు, యంత్రం మాన్యువల్ ఏదైనా అంకె ఇచ్చి ఉంటే పై పట్టిక పక్కన పెట్టి దాన్నే పాటించాలి.

9. నైలాక్ నట్లతో ప్రత్యేక జాగ్రత్త

నైలాన్ రింగు ఉన్న నట్టు, బోల్టు కొస ఆ రింగును చేరినప్పటి నుంచీ బిగుతుగా తిరుగుతుంది. ఆ బిగుతే దాని గుణం. కానీ అదే మరల దగ్గర వేడి పుట్టిస్తుంది, పైగా నట్టు బరువెక్కినప్పుడు అది నైలాన్ వల్లో గాలింగ్ వల్లో చేతికి తేడా తెలియదు. స్టెయిన్‌లెస్‌లో ఎక్కువగా పట్టేసేవి ఇవే.

తప్పనిసరిగా వాడాల్సి వస్తే పేస్టు నిండుగా, వేగం సగానికి, ఐదారు చుట్లకొకసారి కాస్త ఆగి నట్టును చేత్తో ముట్టుకుని చూడండి. వెచ్చబడితే చల్లారనివ్వండి. సుమారు 120 డిగ్రీలు దాటే చోట నైలాన్ నిలవదు కాబట్టి అక్కడ వాడనే కూడదు.

అదురుకు వదులవకుండా ఉండటమే మీ అవసరమైతే మామూలు నట్టు, మధ్యస్థ బలం ఉన్న థ్రెడ్‌లాకర్ ద్రవం మంచి ప్రత్యామ్నాయం. బిగించేటప్పుడు అది కూడా జారుదనం ఇస్తుంది. స్టెయిన్‌లెస్ మీద ఆ ద్రవం నెమ్మదిగా గట్టిపడుతుంది, అందువల్ల యాక్టివేటర్ స్ప్రే అవసరపడొచ్చు. థ్రెడ్‌లాకర్ వేసే మర మీద పేస్టు పూయకూడదు, రెండూ కలిస్తే ఏదీ పనిచేయదు.

10. పనిని బట్టి మార్పులు

సోలార్: ప్యానెల్ క్లాంపుల ఎం8 బోల్టులకు మర మీదే పేస్టు. ఎర్తింగ్ కలిసే ముఖాల మీద, ప్యానెల్ ఫ్రేము మీద పడనివ్వకండి. స్ట్రక్చర్ రంధ్రాలన్నీ వేసి, ఊడ్చాకే బోల్టుల పని మొదలుపెట్టండి. రెండు పనులూ ఒకేసారి జరిగే డాబా మీదే నట్లు ఎక్కువగా పట్టేస్తాయి.

ఫార్మా రియాక్టర్లు, డెయిరీ ట్యాంకులు: మ్యాన్‌హోల్ మూత స్వింగ్ బోల్టులను బ్యాచుకొకసారి విప్పి బిగిస్తారు. ప్రతి కడుగుడుకూ సాల్వెంట్ పేస్టును తీసుకుపోతుంది. అంటే ఒకసారి పూసి మర్చిపోయే వీల్లేదు, తెరిచిన ప్రతిసారీ తుడిచి తిరిగి పూయాలి. ఈ పనిని మూత మూసే చెక్‌లిస్టులో ఒక వరుసగా రాయించండి. ఇక్కడ బ్రాంజ్ నట్టు పెట్టడం నిజమైన పరిష్కారం: అరిగేది చవకైన నట్టు, బతికేది ఖరీదైన బోల్టు. అయితే ఆ నట్టు మందుకు తగిలే అవకాశం లేదని మీ క్వాలిటీ విభాగం ఒప్పుకోవాలి.

బోరు మోటారు ఫ్లాంజీలు: బిగించాక ఏళ్ల తరబడి విప్పరు. పేస్టు మరలోంచి కొట్టుకుపోకుండా నట్టు బయట మిగిలిన మర మీద కూడా మందంగా పూసి వదలండి. తాగే నీళ్లయితే ఆహార శ్రేణి పేస్టే.

11. మధ్యలో మొరాయిస్తే మొదటి నిమిషంలో

కీచుమన్నా, అనుకోకుండా బరువెక్కినా చేయి ఆపండి. ఇంకాస్త తిప్పితే దాటిపోతుందనే ఆశే బోల్టును చంపేది. పానాకు పైపు తొడగడం అసలు వద్దు.

☐ ఐదు నుంచి పది నిమిషాలు చల్లారనివ్వండి.
☐ మర రెండు వైపుల నుంచీ చొచ్చుకుపోయే నూనె వేయండి. ఇది అతుకును కరిగించదు, ఇంకా అతకని మరలకు జారుదనం ఇస్తుంది, అంతే.
☐ వెనక్కి ఎనిమిదో వంతు చుట్టు. కదిలితే మళ్లీ కొంచెం ముందుకు, మళ్లీ వెనక్కి. ప్రతి రెండు మూడు కదలికలకు నూనె.
☐ వెనక్కి వచ్చేకొద్దీ తేలికవుతుంటే కొనసాగించండి. బయటికొచ్చిన జతను పారేయండి.
☐ రెండు వైపులా బిగుసుకుంటుంటే ప్రయత్నం ఆపి, కోతకు సిద్ధపడండి.

మంట పెట్టి నట్టు వేడి చేయడం తుప్పు పట్టిన ఇనుప నట్టుకు పనికొచ్చినట్టు ఇక్కడ పనికిరాదు. నూనె, పేస్టు, సాల్వెంట్ ఆవిరి ఉన్నచోట మంట ప్రమాదం కూడా. ఫ్యాక్టరీలో హాట్ వర్క్ పర్మిట్ (మంట, రవ్వలు వచ్చే పనికి ఇచ్చే అనుమతి పత్రం) లేకుండా టార్చి గానీ గ్రైండరు గానీ తీయకూడదు.

12. పూర్తిగా పట్టేసిన నట్టును తీయడం

చోటుంటే నట్ స్ప్లిటర్ (నట్టును చీల్చే పనిముట్టు) అన్నిటికంటే శుభ్రమైన దారి. రవ్వలు రావు. లేకపోతే గ్రైండరు. 1 మి.మీ. మందపు స్టెయిన్‌లెస్ డిస్కు తీసుకోండి, దాని మీద ఐనాక్స్ అని రాసి ఉంటుంది. కళ్లద్దాలు, ముఖానికి షీల్డు పెట్టుకోండి. ప్యానెల్ గాజు మీద, పాలిష్ చేసిన తొట్టి మీద తడి గోనెపట్టా కప్పండి. రవ్వలు గాజులోకి దిగితే ఆ మచ్చలు పోవు.

నట్టు చదును ముఖం మీద, బోల్టు పొడవు వెంట కోయండి. వాషరు తాకడానికి ముందే ఆపండి. ఎదురు ముఖం మీద రెండో కోత. ఆ గాడిలో ఉలి పెట్టి ఒక దెబ్బ కొడితే నట్టు రెండుగా విచ్చుకుంటుంది. వాషరు మందంగా ఉంటే కింది ప్లేటుకు గీత కూడా పడదు.

ఎం6, ఎం8 లాంటి చిన్న బోల్టులు అవతలి దాకా తెరిచి ఉన్న రంధ్రంలో ఉంటే, పొడవాటి పానాతో ఇంకా బిగించి తెంచేయడం కొన్నిసార్లు కోయడం కంటే త్వరగా అవుతుంది. పక్కన గాజు ఉంటే మాత్రం ఆ పని చేయకండి.

మూసిన రంధ్రంలో బోల్టు విరిగితే నిదానమే దిక్కు. సరిగ్గా మధ్యలో పంచ్ గుర్తు పెట్టి, కోబాల్ట్ బిట్‌తో, తక్కువ వేగంతో, కోత నూనె వేస్తూ గట్టిగా నొక్కి డ్రిల్ చేయండి. బిట్టు కోయకుండా ఊరికే తిరిగితే లోహం అక్కడికక్కడే గట్టిపడి ఆ తర్వాత ఏ బిట్టూ దిగదు. ఈజీ అవుట్ (విరిగిన బోల్టును పట్టి వెనక్కి తిప్పే పనిముట్టు) లోపల విరిగితే దాని గట్టిదనానికి బిట్టు దిగడం కష్టం, పని రెట్టింపవుతుంది. కాబట్టి గాలింగ్ అయిన బోల్టు మీద దాన్ని పెట్టకపోవడమే మేలు. పూర్తిగా డ్రిల్ చేసి మర చెడితే హెలికాయిల్ (చెడిన మర స్థానంలో దించే తీగచుట్ట మర) వేయించుకోవచ్చు. ఖరీదైన భాగమైతే స్పార్క్ ఎరోషన్ (విద్యుత్ రవ్వలతో లోహాన్ని తొలిచే పద్ధతి) చేసే టూల్‌రూముకు ఇవ్వండి. బాలానగర్ చుట్టుపక్కల అలాంటి పనులు చేసే వర్క్‌షాపులు దొరుకుతాయి.

13. విప్పేటప్పుడు, తిరిగి వాడేటప్పుడు

విప్పడంలో కూడా నట్లు పట్టేస్తాయి. నట్టు బయట మిగిలిన మర మీద ఉన్న దుమ్ము, రంగు, సున్నం అన్నీ నట్టు వెనక్కి వచ్చేటప్పుడు లోపలికి లాగబడతాయి. అందుకని ముందు ఆ మిగిలిన మరను బ్రష్‌తో దులిపి, తుడిచి, నూనె వేసి, పావుగంట ఆగి విప్పండి. విప్పేటప్పుడు కూడా ఇంపాక్ట్ గన్ వద్దు.

తీసిన బోల్టును తిరిగి వాడొచ్చా అనేదానికి కొలబద్ద:

☐ మర వాలు మీద గోరు నున్నగా జారుతుందా?
☐ కొత్త నట్టు వేళ్లతో చివరిదాకా నడుస్తుందా?
☐ బోల్టు సాగలేదని పొడవు, మర పిచ్ గేజి చెబుతున్నాయా?

మూడింటికీ అవునంటేనే వాడండి, అది కూడా కొత్త నట్టుతో, పాత పేస్టు పూర్తిగా తుడిచి కొత్తది పూసి. ప్రెజర్ లైన్లకు, తల మీద వేలాడే బరువులకు వాడిన బోల్టు వద్దు. నైలాక్ నట్టు ఒకసారి విప్పాక మళ్లీ వాడకూడదు.

గాలింగ్ అయిన జతలో నట్టు మాత్రం మార్చి బోల్టు ఉంచుకోవడం వల్ల రెండో నట్టు కూడా అదే చోట పట్టేస్తుంది. చిరిగిన లోహం బోల్టు మర మీద కూడా ఉంటుంది. రెండూ కలిపి తీసేసి, పాత బోల్టులు మంచివాటిలో కలవకుండా వెంటనే తుక్కు డబ్బాలో వేయండి. మరకు గ్రైండరుతో ఒక గీత పెడితే ఎవరూ పొరపాటున కూడా తిరిగి తీసుకోరు.